అర్థమైనట్టు అనిపించడం, అప్పజెప్పగలగడం

క్లాసులో విన్న పాఠం బాగా అర్థమైందనిపించడం ఒకటి, అది నిజంగా వంటబట్టడం మరొకటి. డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుల్లో చాలా శ్రమ నీరుగారిపోయేది ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల. ఈ తేడాను సూటిగా కొలిచిన ప్రయోగం ఒకటి 2019లో వెలువడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లూయీ డెలోరియే బృందం ఫిజిక్స్ మొదటి కోర్సు విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు చక్కటి లెక్చరు. అధ్యాపకుడే లెక్కలన్నీ చేసి చూపాడు, విద్యార్థులు రాసుకున్నారు. రెండో గుంపుకు అవే లెక్కలు ఇచ్చి, చిన్న జట్లుగా ముందు వాళ్లనే కుస్తీ పట్టమన్నారు. పరిష్కారం తర్వాత చెప్పారు. పంచిన కాగితాలు రెండు చోట్లా ఒకటే. తర్వాతి పాఠానికి గుంపులను తారుమారు చేశారు.

పరీక్షలో కుస్తీ పట్టిన క్లాసుకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఎంత నేర్చుకున్నారో మీరే చెప్పండని అడిగితే మాత్రం విద్యార్థులు లెక్చరుకే ఓటు వేశారు. ఎక్కువ నేర్చుకున్న చోట తక్కువ నేర్చుకున్నామనిపించింది, తక్కువ నేర్చుకున్న చోట ఎక్కువ అనిపించింది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. నేర్పున్న అధ్యాపకుడు బోర్డు మీద లెక్క చేస్తుంటే ఒక్కో మెట్టూ సులువుగా కనబడుతుంది. ఆ సులువు చెప్పేవాడి అనుభవంలోది, అయినా వినేవాడు దాన్ని తన ఖాతాలో వేసుకుంటాడు. సొంతంగా చేయబోయినప్పుడు పెన్ను ఆగుతుంది, తప్పు దారి పడుతుంది, పక్కవాడికి వచ్చింది తనకు రాలేదన్న చిరాకు పుడుతుంది. ఆ తడబాటును విద్యార్థి 'నాకు రావడం లేదు' అని అర్థం చేసుకుంటాడు. నిజానికి నేర్చుకోవడం జరుగుతున్నది అప్పుడే. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ బ్యోర్క్ 1990లలో ఇలాంటివాటికి 'కోరదగిన కష్టాలు' అని పేరు పెట్టాడు. చదువుతున్నప్పుడు నడక మందగింపజేసి, తర్వాత జ్ఞాపకాన్ని గట్టిపరిచే కష్టాలివి. కష్టమైన ప్రతిదీ ఈ కోవలోకి రాదు. వినబడని మైకూ, అర్థంకాని అచ్చుతప్పుల నోట్సూ ఉత్త కష్టాలే.

పుస్తకం మూశాక

ఉన్నత విద్యలో విద్యార్థులు ఎక్కువగా నమ్ముకునే పద్ధతి మళ్లీ మళ్లీ చదవడం. జెఫ్రీ కార్పికీ, ఆండ్రూ బట్లర్, హెన్రీ రోడిగర్ 2009లో 177 మంది అమెరికన్ కాలేజీ విద్యార్థులను ఎలా చదువుతారని అడిగితే, 84 శాతం మంది నోట్సునో పుస్తకాన్నో తిరిగి చదువుతామన్నారు. చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుంటామన్నవాళ్లు 11 శాతమే. తెలుగు రాష్ట్రాల హాస్టల్ గదుల్లో అడిగినా జవాబు దీనికి మరీ దూరంగా ఉండదనే ఊహించవచ్చు. ఇక్కడ ఆ జాబితాలో 'ఆల్ ఇన్ వన్', 'ఇంపార్టెంట్ ప్రశ్నలు' కూడా చేరతాయి.

రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ అలవాటు ఎక్కడ దెబ్బతీస్తుందో చూపించింది. విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు, సూర్యుడి గురించో సముద్రపు నీటికుక్కల గురించో. ఒక గుంపు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. సగటున 14 సార్లు చదివారు. మరో గుంపు ఒక్క విడతలో మూడు నాలుగు సార్లు చదివి, మిగతా మూడు విడతలూ కాగితం తిప్పేసి గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ పోయినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత పెడితే మొదటివాళ్లు 40 శాతానికి జారారు, రెండోవాళ్లు 61 దగ్గర నిలిచారు. పరీక్ష హాలు గుమ్మం దాకా పుస్తకం చూసే విద్యార్థి నమ్మకం ఆ అయిదు నిమిషాల అంకె మీద నిలబడింది. తర్వాతి సెమిస్టరులో ఆ విషయమే పునాదిగా కావలసివచ్చినప్పుడు ఎదురయ్యేది రెండో అంకె.

రెండో గుంపు చేసినదానికి తెలుగులో ఎప్పటినుంచో పేరుంది: అప్పజెప్పడం. ఎక్కాలు, పద్యాలు, సంస్కృత శబ్దాలు పుస్తకం చూడకుండా గురువు ముందు అప్పజెప్పడం వీధిబడి నాటి అలవాటు. అవధానం చివర జరిగే ధారణ కూడా అంతే. అప్పటిదాకా విడివిడిగా చెప్పిన పూరణలను అవధాని వరసగా అప్పజెబుతాడు. పెద్ద చదువులకు వచ్చేసరికి ఇది చిన్నపిల్లల పని అన్న చిన్నచూపు వచ్చింది, బట్టీతో కలిపి దీన్నీ పక్కన పెట్టేశారు. రెండింటికీ చాలా దూరం ఉంది. బట్టీ అంటే మాటలను లోపలికి కుక్కడం, అప్పజెప్పడం అంటే లోపల ఉన్నదాన్ని వెతికి బయటికి తీయడం. వెతికిన ప్రతిసారీ ఆ దారి గట్టిపడుతుంది.

అప్పజెప్పినందువల్ల వచ్చేది పైపై జ్ఞాపకమేనన్న అనుమానానికి కూడా జవాబుంది. కార్పికీ, జానెల్ బ్లంట్ 2011లో సైన్స్ పాఠాలు తీసుకుని, పుస్తకం ముందుంచుకుని భావపటాలు (కాన్సెప్ట్ మ్యాప్‌లు) గీసినవాళ్లను, చదివి మూసి రాసినవాళ్లను పోల్చారు. నేరుగా పాఠంలో లేని, ఆలోచించి చెప్పవలసిన ప్రశ్నల్లో కూడా మూసి రాసినవాళ్లదే పైచేయి. ఇక్కడా విద్యార్థుల అంచనా తలకిందులే. భావపటం గీస్తేనే ఎక్కువ గుర్తుంటుందని వాళ్లు అనుకున్నారు.

ఆచరణలో అప్పజెప్పడానికి తెల్లకాగితం చాలు. క్లాసు జరిగిన రోజు సాయంత్రం, నోట్సు తెరవకముందే, ఆ గంటలో ఏం జరిగిందో పది నిమిషాలు రాయాలి: ఏ ప్రశ్నతో మొదలైంది, ఏ సూత్రం ఎందుకు వచ్చింది, ఉదాహరణ ఏమిటి. తర్వాత నోట్సు తెరిచి, వదిలేసినవాటిని వేరే రంగు పెన్నుతో చేర్చాలి. కాగితం మీద ఆ రంగు ఎంత ఉంటే అంత చదవాల్సింది మిగిలినట్టు. మొదట్లో కాగితం సిగ్గుపడేంత ఖాళీగా ఉంటుంది. సరిచూసుకోవడం మాత్రం మానకూడదు. తప్పుగా గుర్తొచ్చిన విషయం సరిదిద్దకపోతే తప్పుగానే స్థిరపడుతుంది. అధ్యాపకుడైతే గంట మొదటి అయిదు నిమిషాల్లో పోయిన క్లాసు మీద రెండు ప్రశ్నలు రాయించవచ్చు. దీనికి మార్కులు నామమాత్రంగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. మార్కులు పెరిగేకొద్దీ అప్పజెప్పడం పోయి కాపీ మొదలవుతుంది.

హైలైటర్ గురించి ఒక్క మాట. జాన్ డన్లాస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టింది. బాగా పనికొచ్చేవిగా తేలినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, ఎడమిచ్చి చదవడం. తిరిగి చదవడం, గీతలు పెట్టడం అట్టడుగు వరసలో నిలిచాయి.

ఎడం, కలగలుపు

ఎడమిచ్చి చదవడం సంగతిని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశాడు. అర్థంలేని అక్షరగుచ్ఛాలను తానే కంఠస్థం చేసి, ఎంత మరచిపోతున్నాడో తానే లెక్కగట్టుకున్న జర్మన్ ఆయన. ఒకేసారి కూర్చుని చేసిన పునశ్చరణ కంటే రోజుల మీద పరిచిన పునశ్చరణ తక్కువ శ్రమతో నిలుస్తుందని ఆయనకు తేలింది. ఎంత ఎడం ఇవ్వాలన్నది ఇటీవలి ప్రశ్న. నికొలస్ సెపీడా బృందం 1,350 మందికి పైగా మనుషులతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అది పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. వారంలో పరీక్ష అయితే ఆ గడువులో 20 నుంచి 40 శాతం, అంటే ఒకటిన్నర నుంచి మూడు రోజుల ఎడం మంచిది. ఏడాది గుర్తుండాలంటే 5 నుంచి 10 శాతం, సుమారుగా మూడు నుంచి అయిదు వారాలు.

సెమిస్టరు పద్ధతి దీనికి ఎదురునడుస్తుంది. మిడ్ పరీక్షకు రెండున్నర యూనిట్లు, అది అయిపోగానే వాటిని అటకెక్కించి మిగిలినవి, చివర్లో ప్రిపరేషన్ సెలవుల్లో అన్నీ ఒక్కసారి. ఈ ఏర్పాటును విద్యార్థి మార్చలేడు గానీ దాని లోపల కొంత సర్దుకోవచ్చు. మూడో యూనిట్ చదువుతున్న వారంలో మొదటి యూనిట్ నుంచి రెండు లెక్కలు చూడకుండా చేయడానికి అరగంట పడుతుంది. అప్పటికి సగం మరచిపోయి ఉంటారు. మరచిపోవడం మొదలయ్యాక గుర్తుతెచ్చుకుంటేనే ఫలం ఎక్కువ.

కలగలుపు ఇంకా విచిత్రమైనది. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. కొందరు ఒక రకం లెక్కలన్నీ పూర్తిచేసి తర్వాతి రకానికి వెళ్లారు. మిగతావాళ్లకు నాలుగూ కలిపి ఇచ్చారు. సాధన సమయంలో మొదటివాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్లు 63 శాతం దగ్గరున్నారు. గణితంలో ఒక అధ్యాయం చివరి అభ్యాసం చేసేవాడికి ఏ సూత్రం వాడాలో లెక్క చదవకముందే తెలుసు, ఆ సూత్రం పేరు అధ్యాయం నెత్తినే ఉంటుంది. పరీక్షలో ఆ పేరు ఉండదు. ఇది ఏ రకం లెక్క అని గుర్తుపట్టడమే సగం పని, ఆ సగాన్ని విడివిడి సాధన ఎప్పుడూ చేయించదు. పాత ప్రశ్నపత్రాల నుంచి వేర్వేరు యూనిట్ల లెక్కలను చీటీల మీద రాసుకుని, కలిపేసి, చేతికొచ్చిన చీటీ చేయడం ఖర్చులేని ఉపాయం. అయితే కొత్త పద్ధతి నేర్చుకునే మొదటి గంటలో ఒకే రకం లెక్కలు రెండు మూడు చేయడమే మేలు. కలగలుపు ఆ తర్వాతి సంగతి.

లారీ, కారు, పక్కవాడు

ఒక భారీ లారీ చిన్న కారును ఢీకొంది. ఏది దేనిమీద ఎక్కువ బలం చూపింది? న్యూటన్ మూడో సూత్రం ఇంటర్ చదివిన ఎవరినడిగినా గడగడా చెబుతారు, అయినా ఈ ప్రశ్నకు చాలామంది జవాబు లారీయే. రెండూ సమానమన్న జవాబు సూత్రం అప్పజెప్పగలిగినవాళ్లకు కూడా నమ్మబుద్ధి కాదు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హెస్టెనెస్, మరో ఇద్దరూ 1992లో ఇలాంటి మామూలు మాటల ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేశారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెబుతూ విద్యార్థుల మెప్పు బాగా పొందిన ఎరిక్ మజూర్, తన క్లాసుకు అలాంటి పరీక్ష పెట్టినప్పుడు ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న విద్యారంగంలో ప్రసిద్ధమైంది. మీరు చెప్పిన ప్రకారం రాయాలా, నేను అనుకునే ప్రకారం రాయాలా అని ఆమె సందేహం. చిక్కుముడి సర్క్యూట్ల లెక్కలు చేసినవాళ్లే దానికంటే సులువైన ప్రశ్నలో బోల్తాపడ్డారు.

మజూర్ 1990లలో రూపొందించిన పద్ధతి సరళంగా ఉంటుంది. పది పదిహేను నిమిషాలు చెప్పి, నాలుగు జవాబులున్న ఒక ప్రశ్న వేయాలి. ప్రతి విద్యార్థీ మాట్లాడకుండా ఆలోచించి ఒకటి ఎంచుకోవాలి. జవాబులు సగం అటూ సగం ఇటూ చీలితే, వేరే జవాబు చెప్పిన పక్కవాడిని ఒప్పించమని రెండు మూడు నిమిషాలు వదిలేయాలి. మళ్లీ ఓటింగు, ఆ తర్వాతే వివరణ. అందరూ సరిగ్గా చెబితే ముందుకు పోవచ్చు, దాదాపు అందరూ తప్పితే మళ్లీ చెప్పాలి. యంత్రాలేవీ అక్కర్లేదు. ఏ, బీ, సీ, డీ రాసిన అట్టముక్కలు అరవైమంది సెక్షనుకు సరిపోతాయి. వేళ్లు ఛాతీ దగ్గర పెట్టి చూపించినా చాలు, పక్కవాడికి కనబడకుండా ఉంటే కాపీ జవాబులు రావు.

తెలివైనవాడి జవాబు మిగతావాళ్లు అందుకుంటారంతే కదా అన్నది సహజమైన అనుమానం. కొలరాడో విశ్వవిద్యాలయంలో మిషెల్ స్మిత్ బృందం 2009లో జన్యుశాస్త్రం క్లాసులో దాన్నే పరీక్షించింది. చర్చ అయ్యాక అదే సూత్రం మీద కొత్త ప్రశ్న వేస్తే విద్యార్థులు మెరుగ్గా చేశారు. జట్టులో మొదట సరైన జవాబు ఎవరికీ తెలియని చోట కూడా ఆ మెరుగు కనిపించింది.

ఇలాంటి క్లాసులకూ లెక్చరుకూ తేడా ఎంతన్నది 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి లెక్కవేసింది. సైన్స్, ఇంజనీరింగ్, గణితం డిగ్రీ కోర్సుల్లో, లెక్చరు ఒక్కటే నడిచిన చోట సగటున నూటికి 34 మంది తప్పారు. విద్యార్థుల చేత పని చేయించిన చోట తప్పినవాళ్లు 22 మంది. పరీక్ష మార్కులు సుమారు ఆరు శాతం పెరిగాయి. బ్యాక్‌లాగులతో కుదేలయ్యే ఇళ్లకు ఆరు శాతం మార్కుల కంటే ఆ పన్నెండు మంది తేడాయే ముఖ్యం. అయితే 'పని చేయించడం' అన్న ఒకే గొడుగు కింద ఎన్నో రకాలు చేరాయని గమనించాలి. ప్రతి గ్రూప్ డిస్కషనూ ఈ ఫలితమిస్తుందని దీని అర్థం కాదు.

చెప్పేవాడి ప్రతిభ ఎంత, పద్ధతి ఎంత అన్నదానికి కెనడా నుంచి ఒక జవాబుంది. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, డెలోరియే, ఎలెన్ షెలూ కలిసి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో రెండు పెద్ద సెక్షన్లను ఒక వారం పాటు పోల్చారు. ఒకదానికి అనుభవజ్ఞుడు, మంచి పేరున్న అధ్యాపకుడు లెక్చరిచ్చాడు. రెండోదానికి బోధనలో పెద్దగా అనుభవం లేనివాళ్లు ప్రశ్నలు, జట్టు పనులతో నడిపారు. ఆ వారం పాఠం మీద పరీక్షలో మొదటి సెక్షను సగటు 41 శాతం, రెండోది 74 శాతం.

సిలబస్ పూర్తికాదన్న అధ్యాపకుల భయం నిరాధారం కాదు. గంటలో మూడు ప్రశ్నలు వేస్తే పావుగంట పైన పోతుంది. దారి ఒక్కటే: నిర్వచనాలు, ఉత్పాదనల వంటి పుస్తకంలోనే దొరికేవాటిని ముందురోజు చదువుగా ఇచ్చి, చదివారో లేదో రెండు ప్రశ్నలతో చూసుకుని, క్లాసు గంటను చిక్కు ఉన్న చోట ఖర్చుపెట్టడం. 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీ అధ్యాపకుల ఆన్‌లైన్ పాఠాల) వీడియోలు ఈ ముందస్తు చదువుకు పనికొస్తాయి. వాటినే క్లాసులో తెరమీద వేస్తే మళ్లీ లెక్చరే మిగులుతుంది. మార్పంతా ఒక్కసారి అక్కర్లేదు. ప్రశ్న వేశాక మూడు సెకన్లు ఆగడంతో మొదలుపెట్టవచ్చు. అమెరికా బడుల్లో మేరీ బడ్ రో గమనించిన ప్రకారం, ఉపాధ్యాయులు సగటున ఒక సెకనుకు మించి ఆగకుండా మళ్లీ తామే మాట అందుకునేవారు. మూడు సెకన్లకు పైగా ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు.

కలిసి చదవడం

బర్కిలీలో గణితం చెప్పిన యూరి ట్రైస్మన్ 1970లలో ఒక సమస్య వెంటపడ్డాడు. హైస్కూలులో బాగా చదివి వచ్చిన నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారు, చైనా మూలాలున్నవాళ్లు ఎందుకు నెగ్గుతున్నారు? శ్రద్ధ, ఇంటి ప్రోత్సాహం, పూర్వపు చదువు తక్కువనే ఊహలేవీ నిలవలేదు. నెలల తరబడి వాళ్లతో తిరిగాక తేడా కనిపించింది. మొదటివాళ్లు గంటల కొద్దీ ఒంటరిగా చదివేవాళ్లు, తప్పు ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. రెండోవాళ్లు విడివిడిగా లెక్కలు చేసుకుని సాయంత్రం ఒకచోట చేరి జవాబులు పోల్చుకునేవాళ్లు. పదిమందికీ రాకపోతే లెక్క కష్టమైనదని తెలిసేది, ఒక్కరికే రాకపోతే ఆ ఒక్కరికీ మిగతావాళ్లు చూపించేవాళ్లు. ట్రైస్మన్ పెట్టిన వర్క్‌షాపులు వెనకబడినవాళ్ల ట్యూషన్లు కావు. అక్కడ మామూలు కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి కలిసి చేయమన్నారు. ఫలితాలు బాగా మారాయి.

హాస్టళ్లలో కంబైండ్ స్టడీ పేరుతో జరిగేది చాలాసార్లు ఒకడు చెప్పగా నలుగురు వినడమే. అది మళ్లీ లెక్చరు, చెప్పేవాడికి తప్ప ఎవరికీ లాభం లేనిది. ట్రైస్మన్ చూసిన జట్ల కీలకం వరసలో ఉంది: ముందు ఒంటరి ప్రయత్నం, తర్వాత పోలిక.

మార్కులు, వ్యాఖ్యలు, ప్రశ్నపత్రాలు

తప్పు తెలియజెబితే విద్యార్థి మెరుగవుతాడన్నది నిజమే గానీ ఎప్పుడూ కాదు. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనీసీ 1996లో 600కు పైగా ఫలితాలను కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అలా చెప్పడం వల్ల పనితనం తగ్గింది. మాట మనిషి మీదికి పోయినప్పుడు నష్టం, పని మీద నిలిచినప్పుడు లాభం. 'కాన్సెప్ట్ లేదు' అన్న ఎర్ర ఇంకు వ్యాఖ్య ఎవరికీ దారి చూపదు. 'మూడో మెట్టులో ఘర్షణ దిశ తిరగబడింది, అక్కడి నుంచి మళ్లీ చెయ్యి' అన్నది చూపుతుంది. అరవై పేపర్లకు అలా రాయడం కుదరదంటే, తరచుగా వచ్చిన మూడు తప్పులను బోర్డు మీద పెట్టి, తన పేపరులో ఏది ఉందో వెతుక్కోమనవచ్చు.

విద్యార్థి ఎలా చదువుతాడన్నది చివరికి ప్రశ్నపత్రమే తేలుస్తుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫెరెన్స్ మార్టన్, రోగర్ సల్యో 1976లో లోతుగా చదవడం, పైపైన చదవడం అని రెండు తీరులను గుర్తించారు. ఇవి మనుషుల రకాలు కావు. ఎలాంటి ప్రశ్న వస్తుందనుకుంటే అదే మనిషి అలాంటి చదువు చదువుతాడు. ఇంజనీరింగ్ డిగ్రీలకు దేశాల మధ్య గుర్తింపునిచ్చే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందాక ఇంజనీరింగ్ కాలేజీల్లో 'కోర్సు ఫలితాలు', ప్రశ్న పక్కన అది ఎంత లోతైన ఆలోచన కోరుతుందో చెప్పే బ్లూమ్ స్థాయి రాయడం మామూలయ్యాయి. ఆలోచన మంచిదే. 'వివరింపుము' అనే పాత ప్రశ్న పక్కనే ఎల్4, అంటే విశ్లేషణ స్థాయి, అని ముద్రవేస్తే మాత్రం విద్యార్థి మోసపోడు. గత అయిదేళ్ల పేపర్లు అతని దగ్గరా ఉంటాయి. ఏడాదికి ఒక్క ప్రశ్న అయినా ఇంతకుముందు చూడని సందర్భం నుంచి రావాలి, ఆ సంగతి మొదటి వారంలోనే చెప్పాలి.

అధ్యాపకుల శిక్షణల్లో ఇప్పటికీ తిరిగే ఒక నమ్మకాన్ని ఇక్కడ పక్కన పెట్టవచ్చు. కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకునే రకమని, ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు చెప్పాలని అంటారు. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో వెతికితే దానికి సరైన ఆధారం దొరకలేదు. ఇష్టాలు వేరుగా ఉంటాయి, అంతవరకే. సర్క్యూట్ బొమ్మను ఎవరైనా చూడాల్సిందే, ఉచ్చారణను ఎవరైనా వినాల్సిందే.

సెమిస్టరు చివర విద్యార్థులు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారాలదీ ఇలాంటి కథే. బాబ్ ఉట్ల్ బృందం 2017లో పాత అధ్యయనాలను తిరిగి లెక్కవేస్తే, ఎక్కువ రేటింగు వచ్చిన అధ్యాపకుల దగ్గర విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారనే సంబంధం కనబడలేదు. హార్వర్డ్ ప్రయోగం చెప్పినదాన్ని బట్టి ఇందులో వింత లేదు. పద్ధతి మార్చిన అధ్యాపకుడికి మొదటి సెమిస్టరులో రేటింగు పడిపోవచ్చు, ఆ సంగతి శాఖాధిపతికి ముందే తెలిసి ఉండాలి. విద్యార్థులకు కూడా మొదటి వారంలోనే ఈ ప్రయోగాల అంకెలు చూపించి, మూడో వారంలో ఒక చిన్న పరీక్ష పెట్టి, తమకు ఏ మార్కు వస్తుందనుకుంటున్నారో జవాబు పేపరు పైన ముందే రాయించాలి. దిద్దిన పేపరు చేతికొచ్చినప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన కనిపిస్తాయి.